మొక్క పెరిగేది ఎక్కడ? విభాజ్య కణజాలాలను గుర్తించడం, చూడడం, పనిలో వాడుకోవడం

వేపచెట్టుకు ఛాతీ ఎత్తున ఒక మేకు కొట్టి, పదేళ్ల తర్వాత వచ్చి చూడండి. చెట్టు ఎంత ఎత్తు ఎదిగినా మేకు మాత్రం అదే ఎత్తులో ఉంటుంది. దాని తలను బెరడు సగం మింగేసి ఉంటుంది. ఎదుగుదల గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. పిల్లవాడు పెరిగితే చేతులు, కాళ్లు, వీపు అన్నీ కలిసి పెరుగుతాయి. మొక్క అలా కాదు. కణాలు విడిపోతూ కొత్తవి పుట్టే చోట్లు దానిలో కొన్నే ఉంటాయి. ఎత్తు చివర్లలో పెరుగుతుంది, లావు బెరడు కింద పెరుగుతుంది, కొన్ని మొక్కల్లో కణుపుల దగ్గరో ఆకు అడుగునో కూడా పెరుగుతుంది. ఆ చోట్లలో ఉండేదే విభాజ్య కణజాలం.

బడి పుస్తకంలో దీన్ని మూడు రకాలుగా చెబుతారు: అగ్ర, మధ్యస్థ, పార్శ్వ విభాజ్య కణజాలాలు. పరీక్షకు ఈ పేర్లు సరిపోతాయి. అంటు కట్టేవాళ్లకు, నారు పోసేవాళ్లకు, అరటి పిలక తీసేవాళ్లకు పేర్లతో పని జరగదు. కత్తి పెట్టే ముందు ఈ మొక్కలో పెరిగే చోటు ఎక్కడుంది, అది పోతే బదులు మరొకటి ఉందా అన్నది తెలియాలి. అందుకే ఇక్కడ ఒక్కో రకాన్ని ముందు కంటితో చూసే పద్ధతి చెప్పి, తర్వాత దానితో చేసే పని చెబుతున్నాం.

సూక్ష్మదర్శినిలో ఈ కణాలను ఇలా గుర్తుపట్టవచ్చు. చిన్నవిగా, పలుచని గోడలతో, ఒకదానికొకటి ఖాళీ లేకుండా అతుక్కుని ఉంటాయి. కణద్రవ్యం చిక్కగా ఉంటుంది, కేంద్రకం కణంలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది. పెద్ద రిక్తిక (కణంలోని నీటి సంచి) కనిపించదు. (బెరడు కింద ఉండి లావు పెంచే పార్శ్వ విభాజ్య కణజాలమైన కేంబియం కణాలు ఇందుకు కొంత మినహాయింపు, వాటిలో రిక్తికలు బాగానే ఉంటాయి.) విడిపోవడం మానేసి, సాగి, తమ పనికి తగ్గట్టు మారిపోయిన కణాలే శాశ్వత కణజాలం.

వేరు కొన: శనగ వేరు మీద గీతల పరీక్ష

దీనికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. శనగలు, ఇండియన్ ఇంకు, సన్నని దారం, స్కేలు, అద్దుడు కాగితం, మూత ఉన్న గాజు సీసా ఉంటే చాలు.

1. శనగలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో రెండు మూడు రోజులు ఉంచండి. వేరు సుమారు 2 సెంటీమీటర్లు రావాలి. నిటారుగా వచ్చినవే ఏరుకోండి.
2. వేరు పైన తడిని అద్దుడు కాగితంతో మెల్లగా తీయండి. తడి ఉంటే ఇంకు పాకిపోతుంది.
3. దారాన్ని ఇంకులో ముంచి, అదనపు ఇంకు దులిపి, వేరు కొన నుంచి పైకి ఒక్కో మిల్లీమీటరుకు ఒకటి చొప్పున పది గీతలు పెట్టండి. దారాన్ని తాకించాలే గాని నొక్కకూడదు.
4. సీసా లోపలి గోడకు తడి అద్దుడు కాగితం అంటించి, గింజలను వేరు కిందికి ఉండేలా గుండుసూదితో మూతకో అట్టముక్కకో గుచ్చి నిలబెట్టండి. అడుగున వేలెడు నీళ్లు ఉంచి చీకట్లో పెట్టండి.
5. 24 గంటల తర్వాత గీతల మధ్య దూరం కొలవండి.

కొనకు దగ్గరి మొదటి గీతలు దాదాపు అలాగే ఉంటాయి. రెండో మిల్లీమీటరు నుంచి ఐదారు వరకు ఉన్న గీతలు బాగా ఎడమవుతాయి, ఇంకు కూడా సాగి మసకబారుతుంది. ఆ పైవి కదలవు. చూసినవాళ్లకు ఒక సందేహం వస్తుంది: కణాలు పుట్టేది కొనలో అయితే, సాగింది దానికి కాస్త పైన ఏమిటి? పుట్టడం, సాగడం రెండు వేర్వేరు పనులు. కొనలో కణాలు విడిపోయి సంఖ్య పెరుగుతుంది. వెనకబడిన కణాలు నీరు తాగి పొడవు సాగుతాయి. వేరును మట్టిలోకి తోసే బలం ఈ సాగే భాగానిది.

కొన మీద వేరు తొడుగు ఉంటుంది. మట్టి రాపిడికి దాని బయటి కణాలు రాలిపోతుంటే, లోపలి విభాజ్య కణజాలం కొత్తవి చేసి ఇస్తూ ఉంటుంది. అంటే వేరు విభాజ్య కణజాలం ముందుకూ వెనక్కూ రెండు వైపులా కణాలను ఇస్తుంది. కాండం కొనకు ఇలాంటి తొడుగు లేదు, దాన్ని లేత ఆకులే కప్పి కాపాడతాయి.

గీతలు అసలు కదలకపోతే మూడు కారణాలు వెతకండి: వేరు ఆరిపోయింది, దారంతో కొన నలిగింది, లేదా సీసాలో నీళ్లు ఎక్కువై వేరు మునిగి గాలి ఆడలేదు.

కొన పోయిన వేరు మళ్లీ పొడవు పెరగదని చూడాలంటే ఉల్లిపాయలు తీసుకోండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఉల్లి అడుగు మాత్రమే నీటిని తాకేలా నిలపండి. మూడు రోజులు వేర్ల పొడవు రాసుకోండి. నాలుగో రోజు రెండో గ్లాసులోని వేర్ల కొనలు సెంటీమీటరు మేర కత్తిరించండి. తర్వాత మరో నాలుగు రోజులు కొలిస్తే, మొదటి దానిలో వేర్లు పొడవవుతాయి, కోసినవి అక్కడే ఆగిపోతాయి. మొక్క మాత్రం ఊరుకోదు. చాలా మొక్కల్లో కొన పోయిన వేరుకు పైన పక్కవేర్లు పుడతాయి. అవి బయటి తొక్కలోంచి కాక, లోపల ప్రసరణ కణజాలాన్ని చుట్టి ఉండే పరిచక్రం నుంచి పుట్టి తొక్కను చీల్చుకుని వస్తాయి. సంచిలో చుట్టుకుపోయిన వేరును నాటేటప్పుడు కత్తిరించమనడం అందుకే. చుట్టను అలాగే వదిలితే పెద్దయ్యాక ఒక వేరు మరో వేరును బిగించేస్తుంది. కోస్తే కొత్త కొనలు పక్కకు పరుచుకుంటాయి.

ఉల్లి వేరు కొన స్లైడు

విడిపోతున్న కణాన్ని నేరుగా చూడడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఉల్లిలో 16 క్రోమోజోములే, అవీ పెద్దవి. ఈ పని ప్రయోగశాలలో, ఉపాధ్యాయుల సమక్షంలో చేయాలి.

ముందు సరుకు. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 1 వంతు, ఇథనాల్ 3 వంతులు కలిపిన ద్రావణం (ఏరోజుకారోజు కలపాలి), 70 శాతం ఆల్కహాలు, ఎసిటోకార్మిన్ (కేంద్రకాలకు ఎర్రరంగు పట్టించే ద్రావణం), 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. చివరిదానికి కొలజాడీలో ముందు నీళ్లు పోసి, గాఢ ఆమ్లం 8.3 మిల్లీలీటర్లు మెల్లగా కలిపి, నీటితో 100 మిల్లీలీటర్లకు చేర్చాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు.

ఉల్లిగడ్డ అడుగున ఎండిన పాత వేర్లను బ్లేడుతో గీకేయండి. అడుగు పళ్లెం తెగకూడదు, కొత్త వేర్లు వచ్చేది అక్కడి నుంచే. సాంబారు ఉల్లి తొందరగా వేర్లు వేస్తుంది. గిడ్డంగిలో మొలక రాకుండా శుద్ధి చేసిన ఉల్లి కొందరికి దొరుకుతుంది, అది ఎన్నాళ్లున్నా మొండికేస్తుంది. అందుకే ఎప్పుడూ ఐదారు గడ్డలు పెట్టుకోండి.

1. వేర్లు 2–3 సెంటీమీటర్లు వచ్చాక, ఉదయం 8–10 గంటల మధ్య, కొన నుంచి 1 సెంటీమీటరు ముక్కలు కోసి వెంటనే ఎసిటిక్ ఆమ్లం–ఇథనాల్ ద్రావణంలో వేయండి. 24 గంటల తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చితే చాలాకాలం నిలవ ఉంటాయి.
2. ఒక ముక్కను నీటిలో కడిగి స్లైడు మీద పెట్టి, ఒక చుక్క 1 నార్మల్ ఆమ్లం, రెండు మూడు చుక్కల ఎసిటోకార్మిన్ వేయండి. స్పిరిటు దీపం మీద స్లైడును అటూఇటూ ఆడిస్తూ వెచ్చబరచండి. పొగ రావచ్చు, మరగకూడదు. 5–10 నిమిషాలు ఆగండి.
3. ఇప్పుడు ముక్కలో ఒక చివర ముదురు ఎరుపుగా, మిగతాది లేతగా కనిపిస్తుంది. ముదురుగా ఉన్న 2 మిల్లీమీటర్లే మనకు కావాలి. కేంద్రకాలు కిక్కిరిసి ఉన్నందువల్లే రంగు అంత పట్టింది. మిగతాది కోసి పారేయండి.
4. అదనపు రంగు అద్ది, ఒక చుక్క నీరు వేసి, కవరుస్లిప్ పెట్టండి. పెన్సిలు మొండి వైపుతో దాని మీద మెల్లగా తట్టండి. ముక్క మబ్బులా పరుచుకుంటుంది. అప్పుడు అద్దుడు కాగితం మడతలో పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కండి. వేలు పక్కకు జారితే కణాలు దొర్లి నలిగిపోతాయి.

ముందు తక్కువ పెద్దదనంలో చతురస్రంగా, చిన్నగా ఉన్న కణాల గుంపు పట్టుకుని, తర్వాత 40 రెట్ల కటకానికి వెళ్లండి. ఎక్కువ కణాలు అంతర్దశలోనే (రెండు విభజనల మధ్య దశలోనే) ఉంటాయి, స్లైడు చెడిందని నిరాశ పడకండి. విభజనలో ఉన్న కణాలను మొత్తం కణాలతో భాగించి 100తో హెచ్చిస్తే విభజన సూచిక వస్తుంది. వేర్వేరు చోట్ల కనీసం నాలుగైదు సార్లు లెక్కపెట్టి సగటు తీయండి.

అన్నీ పొడవాటి కణాలే కనబడితే మీరు కోసింది కొన కాదు, పైభాగం. కణాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా ఉంటే ఆమ్లం సరిగా పనిచేయలేదు, అంటే కణాలను అతికించే పెక్టిన్ కరగలేదు. అంతా ఒకే ఎరుపైతే రంగు ఎక్కువసేపు ఉంచారు.

మొవ్వు: ఒకటే ఉన్న మొక్కలు, ఎన్నో ఉన్న మొక్కలు

కాండం కొనలోని విభాజ్య కణజాలాన్ని మన రైతు మొవ్వు అంటాడు. పుస్తకం మాటకంటే ఈ మాటే ఎక్కువ చెబుతుంది. మొవ్వు పోతే ఏమవుతుందన్నది ఒక్కో మొక్కకు ఒక్కో రకం.

బంతి, చామంతి, తులసి వంటివాటిలో ప్రతి ఆకు పంగలోనూ ఒక మొగ్గ, ఆ మొగ్గలో ఒక విభాజ్య కణజాలం నిద్రపోతూ ఉంటుంది. కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను వాటిని లేవనివ్వదు. కొన తుంచితే ఆ అదుపు పోయి పక్క కొమ్మలు లేస్తాయి. బంతి నాటిన 30–40 రోజుల మధ్య, మొదటి మొగ్గ కనిపించే వేళకు, కొనలో 3–5 సెంటీమీటర్లు గోటితో తుంచేయండి. పూత కొన్ని రోజులు వెనకబడుతుంది, పూల సంఖ్య పెరుగుతుంది. తుంచాల్సింది కొనను, ఆకులను కాదు. కొనను వదిలి ఆకులు మాత్రమే గిల్లితే కొమ్మలు రావు, మొక్క నీరసిస్తుంది. పండగ ముందు రెండు వారాల్లో తుంచితే ఆ పండక్కి పూలు అందవు.

వరిలో పిలక దశలో కాండం తొలిచే పురుగు లోపలి కొనను తింటే నడిమి ఆకు ఎండి, లాగితే ఊడి వస్తుంది. మొవ్వు చనిపోవడం అంటే అదే. ఆ దశలో అడుగున ఇంకా మొగ్గలున్నాయి కాబట్టి కొత్త పిలకలు కొంత పూడుస్తాయి. అదే పురుగు ఈనే దశలో కొరికితే తెల్లకంకి వస్తుంది. అప్పటికే కొన కంకిగా మారిపోయింది కాబట్టి ఆ నష్టం పూడదు. పురుగు ఒకటే, ఎదుగుదల దశ వేరవడంతో నష్టం వేరైంది.

కొబ్బరి, తాడి చెట్లకు మొవ్వు ఒక్కటే. పక్కన మేల్కొనే మొగ్గలు లేవు. అది కుళ్లిందంటే చెట్టు పోయినట్టే, పైన ఆకులు ఇంకా కొన్ని నెలలు పచ్చగా ఉన్నా సరే. 20వ శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టా తాడిచెట్లను ముంచేసిన మొవ్వుకుళ్లు తెగులును వృక్షరోగ శాస్త్రవేత్త ఎడ్విన్ బట్లర్ పరిశీలించాడు. ఫైటోఫ్తోరా పాల్మివోరా అనే ఆ శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి పేరుతో ఆయన పేరూ నిలిచింది. వానాకాలంలో కొబ్బరి నడిమి ఆకు వడలి, లాగితే కుళ్లు వాసనతో ఊడివస్తే ఆలస్యం చేయకండి. కుళ్లిన భాగమంతా ఆరోగ్యంగా ఉన్న కణజాలం కనిపించేదాకా చెక్కి తీసి, 10 శాతం బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూసి, వాననీరు చేరకుండా కప్పాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో 1 శాతం బోర్డో మిశ్రమం పోయాలి. కత్తెరతో కోసినట్టున్న ఆకులు విచ్చుకుంటుంటే అది కొమ్ము పురుగు పని. ఆకు మొవ్వులో చుట్టగా ఉన్నప్పుడు కొరికిన రంధ్రమే విచ్చుకున్నాక అలా కనిపిస్తుంది. పురుగును ఇనుప కొక్కెంతో బయటికి లాగాలి, కొక్కెం మాత్రం మొవ్వులోకి దిగకూడదు.

అరటి అందరినీ మోసం చేస్తుంది. పైకి కనిపించేది కాండం కాదు, ఆకు తొడిమల చుట్ట. అసలు పెరిగే కొన నేలలో దుంప మీద ఉంటుంది. పిలకను కత్తితో నేలమట్టానికి కోసి చూడండి. మర్నాటికి కోసిన చోట నడిమి ఆకు చుట్ట అంగుళాల్లెక్కన పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది, చుట్టూ ఉన్న తొడిమలు మాత్రం కోసిన ఎత్తులోనే ఉంటాయి. కొన చెక్కుచెదరలేదనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. పిలక నిజంగా పోవాలంటే గునపాన్ని ఏటవాలుగా దింపి, పిలక దుంప మధ్యలోని తెల్లని కొనను పెకలించాలి. తల్లి దుంపకు, దాని వేర్లకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఇక గెల వేసేటప్పుడు ఆ కొనే పూగుత్తిగా మారి, తొడిమల మధ్యగా పైకి వచ్చి బయటపడుతుంది. ఆకులు వేసే కొన మిగలదు కాబట్టే అరటి ఒక్కసారి గెల వేసి పోతుంది.

వంటింట్లో కాలీఫ్లవర్‌ను విరిచి భూతద్దంతో చూడండి. ఆ తెల్లని గింజల్లాంటివి పూలు కావు, పూవుగా మారకుండా ఆగిపోయిన వేలాది పెరిగే కొనలు. అందుకే కొన పోయిన కాలీఫ్లవర్ నారు ఎన్ని ఆకులేసినా గడ్డ కట్టదు. నాటేటప్పుడే నడిమి చిగురు లేని మొక్కలను ఏరి పారేయాలి.

టిష్యూ కల్చర్ మొక్కల గురించి ఒక్క హెచ్చరిక. 1952లో ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్‌లు వైరస్ సోకిన డాలియా కొన నుంచి ఆరోగ్యమైన మొక్కలు తీశారు. కొనలో ఇంకా ప్రసరణ కణజాలం ఏర్పడలేదు, కణాలు వేగంగా విడిపోతుంటాయి కాబట్టి వైరస్ అక్కడికి సరిగా చేరదు. అయితే అందుకు తీయాల్సిన ముక్క మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. వ్యాపారానికి అరటి మొక్కలు చేసేటప్పుడు తీసే కొన అంతకంటే చాలా పెద్దది. తల్లి మొక్కలో వెర్రితల వైరస్ ఉంటే పిల్లల్లోకి వస్తుంది. మొక్కలు కొనేటప్పుడు తల్లి మొక్కలకు వైరస్ పరీక్ష చేశారా అని అడిగి, ధృవపత్రం చూసి కొనండి.

మధ్యలో పెరిగే చోట్లు

కుండీలో ఉల్లిగడ్డ మొలకెత్తించి, లేత ఆకు మీద అడుగు నుంచి అర సెంటీమీటరుకు ఒక చుక్క పెట్టండి. మూడు రోజుల తర్వాత అడుగున చుక్కలు లేని కొత్త భాగం ఉంటుంది, కొన దగ్గరి చుక్కలు అలాగే ఉంటాయి. ఆకు అడుగునే పెరుగుతోంది. ఉల్లికాడను కోసినా మళ్లీ ఎదగడానికి, మేక మేసిన గరిక మళ్లీ లేవడానికి కారణం ఇదే. మేసింది ముసలి చివరను, పెరిగే చోటు పళ్లకు అందలేదు. లాన్ కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్కసారే తీయొద్దు. మరీ నేలకు ఆనించి గీకితే ఆ అడుగు భాగమూ పోయి మచ్చలు పడతాయి.

వరి, చెరకు, వెదురు కాండాల్లో ప్రతి కణుపుకూ కాస్త పైన ఇలాంటి విభాజ్య భాగం ఉంటుంది. కాండం అన్ని కణుపుల దగ్గరా ఒకేసారి సాగుతుంది కాబట్టే వెదురు బొంగు అంత వేగంగా లేస్తుంది.

మన దగ్గర దీనికి అసలైన ఉదాహరణ వేరుశనగ. పూవు నేల పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఊడ. ఫలదీకరణ తర్వాత అండాశయానికి సరిగ్గా వెనక ఉన్న మధ్యస్థ విభాజ్య కణజాలం కణాలను ఇస్తూ, అండాశయాన్ని సూదిలా కొనమీద పెట్టుకుని కిందికి తోస్తుంది. నేలలో కొన్ని సెంటీమీటర్లు దిగి, చీకటి తగిలాకే కాయ ఊరడం మొదలవుతుంది. దీనిలోంచి మూడు పనులు వస్తాయి. విత్తిన 45 రోజుల తర్వాత అంతరకృషి ఆపేయాలి, లేకుంటే దిగుతున్న ఊడలు తెగుతాయి, తెగిన ఊడ మళ్లీ రాదు. ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. ఊరే కాయ కాల్షియాన్ని వేరు ద్వారా కాక చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది, అది అందకపోతే తాలుకాయలు వస్తాయి. మూడోది తేమ. పైపొర గట్టిపడితే ఊడ కొన గుచ్చుకోలేక వంగి ఎండుతుంది. మొక్కలో చాలా ఎత్తున పూసిన పూల ఊడలు నేలదాకా రానే రావు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

కేంబియం: అంటు అతికేది ఇక్కడే

వానాకాలంలో పచ్చి మామిడి కొమ్మ బెరడును చీల్చి లాగితే అరటితొక్కలా ఊడి వస్తుంది. కింద కర్ర తడిగా, జారుడుగా ఉంటుంది. ఆ జారుడు పొరే కేంబియం. కొన్ని వరసల కణాలే దాని మందం. లోపలికి దారువును (నీరు మోసే కర్రను), బయటికి పోషక కణజాలాన్ని (ఆహారం మోసే పొరను) ఇస్తుంది. దారువే ఎక్కువ ఇస్తుంది కాబట్టి చెట్టులో కర్ర ఎక్కువ, బెరడు తక్కువ. టేకు దుంగలో వలయాలు దీని ఏటా పనికి గుర్తులు. బీట్‌రూట్ అడ్డంగా కోస్తే కనిపించే వలయాలు మరో రకం, అక్కడ ఒకదాని బయట ఒకటిగా వరసగా కేంబియాలు పుడతాయి.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ముందే చెప్పాలి. బెరడును గోటితో గీకితే కనిపించే ఆకుపచ్చ పొర కేంబియం కాదు. అది బెరడులో భాగం. కేంబియం దానికీ లోపల, బెరడు కర్ర కలిసే గీత దగ్గర ఉంటుంది. అంటు కట్టేటప్పుడు కలపాల్సింది ఆ గీతను.

మామిడిలో లేత కొమ్మ మీద చీలిక అంటు కట్టే వరస ఇది:

1. స్టాకుకు (వేర్లుండే అడుగు మొక్కకు) నాటు టెంక మొక్క, పెన్సిలు లావు, 8–10 నెలల వయసు. కట్టే కాలం జూలై–ఆగస్టు, గాలిలో తేమ ఉన్నప్పుడు.
2. మంచి కాపున్న తల్లి చెట్టు మీద 3–4 నెలల కొమ్మను ఎంచి, కోయడానికి 7–10 రోజుల ముందు ఆకులు కత్తిరించి తొడిమలు వదిలేయండి. తొడిమలు రాలి, కొన మొగ్గ ఉబ్బితే పుల్ల సిద్ధం. ఉబ్బని పుల్లలో మొగ్గ ఇంకా నిద్రలోనే ఉంది, అది అతికినా ఆలస్యంగా లేస్తుంది.
3. సయాన్ పుల్ల (స్టాకు మీద అతికించే, తల్లి చెట్టు నుంచి తెచ్చే ఆ కొమ్మ) 12–15 సెంటీమీటర్లు కోసి తడిగుడ్డలో చుట్టండి. అదే రోజు కట్టడం మేలు.
4. స్టాకును 15–20 సెంటీమీటర్ల ఎత్తున కోసి, మధ్యలో 3–4 సెంటీమీటర్ల చీలిక పెట్టండి. సయాన్ అడుగును రెండు వైపులా అంతే పొడవున V ఆకారంలో చెక్కండి. ఒక్కో వైపు ఒకే కోతలో రావాలి. గీకి గీకి చెక్కితే ఉపరితలం ఎగుడుదిగుడై మధ్యలో గాలి నిలుస్తుంది.
5. చెక్కిన కొనను చీలికలో దింపండి. రెండూ ఒకే లావైతే రెండు అంచులూ కలుస్తాయి. సయాన్ సన్నగా ఉంటే ఒక అంచునైనా సరిగ్గా కలపండి. ఇక్కడ ఒక కిటుకు: స్టాకు బెరడు మందం, సయాన్ బెరడు పలుచన. బయటి తొక్కలు సమంగా పెడితే లోపలి కేంబియాలు తప్పిపోతాయి. సయాన్‌ను వెంట్రుకవాసి లోపలికి జరపండి.
6. 1.5–2 సెంటీమీటర్ల వెడల్పు పాలిథీన్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టి, సయాన్ మీద పాలిథీన్ గొట్టం తొడిగి అడుగున కట్టి, నీడలో పెట్టండి.

మొదటి రోజుల్లో రెండు కోతల నుంచీ తెల్లని మెత్తని కాలస్ కణాలు పుట్టి ఖాళీని నింపుతాయి. తర్వాత పాత కేంబియాల చివరలను కలుపుతూ ఆ కాలస్‌లోనే కొత్త కేంబియం గీత ఏర్పడుతుంది. అది కలిశాకే నీరు సాఫీగా పైకి ఎక్కుతుంది. 15–20 రోజుల్లో చిగురు వస్తే గొట్టం తీసేయండి. పట్టీని మాత్రం రెండు మూడు నెలల తర్వాత విప్పాలి. మరిచిపోతే లావవుతున్న కాండాన్ని అదే పట్టీ నడుం దగ్గర బిగించి విరిచేస్తుంది.

చిగురు వచ్చి వారం తర్వాత వాడిపోతే తొందరపడి వాతావరణాన్ని తప్పుపట్టకండి. సయాన్‌లో నిలవున్న నీటితో లేచిన చిగురు అది, అడుగున కేంబియం కలవలేదు. సయాన్ నల్లబడితే కత్తి మురికి, లేదా కోసి ఎక్కువసేపు గాలికి ఉంచారు. అతుకు కింద వచ్చే నాటు చిగుళ్లను వారానికోసారి గిల్లేయకపోతే అవే బలం లాగేసుకుంటాయి.

కొబ్బరికి, తాడికి, అరటికి అంటు ఎందుకు కట్టలేమో ఇప్పుడు తెలిసిపోతుంది. వాటి కాండంలో ఇలాంటి కేంబియం వలయమే లేదు, కలపడానికి గీత లేదు. కొబ్బరి మానుకు ఎక్కడానికి కొట్టిన మెట్లు ఎన్నేళ్లైనా అలాగే నోరు తెరుచుకుని ఉంటాయి. వేపచెట్టు మేకును మింగినట్టు అది గాయాన్ని మింగలేదు. ఆ మెట్లలోంచి ఎర్ర ముక్కు పురుగు చేరుతుంది కాబట్టి కొట్టకపోవడమే మంచిది.

దానిమ్మ, నిమ్మ, జామల్లో గాలి అంటుకు కేంబియాన్ని కావాలనే తీసేస్తాం. పెన్సిలు లావు కొమ్మ మీద 2.5 సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచి, కర్ర మీది జారుడు పొరను కత్తి మొండితో గరుకు తగిలేదాకా గీకాలి. ఆకుల నుంచి దిగే పిండిపదార్థం, ఆక్సిన్ పై అంచు దగ్గర ఆగి అక్కడ వేర్లు పుడతాయి. తడిపి పిండిన నాచు కట్టి, పాలిథీన్ చుట్టి, రెండు చివరలూ బిగించండి. 45–60 రోజుల్లో వేర్లు నాచు బయటికి కనబడతాయి. కొన్ని వారాల తర్వాత విప్పి చూస్తే వేర్లకు బదులు కొత్త బెరడు వంతెనలా కలిసిపోయి ఉందంటే, మీరు గీకడంలో కేంబియం మిగిలిపోయింది. ఇదే ఉంగరం మేక గానీ ఎలుక గానీ మాను మొదట్లో పూర్తిగా చుట్టూ కొరికితే వేర్లు ఆకలితో చస్తాయి. అప్పుడే కొరికి ఇంకా తడిగా ఉంటే, ఎండకు ఆరకముందే పాలిథీన్ గట్టిగా చుట్టండి. జారుడు పొర మిగిలిన చోట కొత్త బెరడు రావచ్చు.

బెండు విభాజ్య కణావళి

కాండం లావయ్యే కొద్దీ పాత తొక్క చిట్లుతుంది. దాని కింద మరో పార్శ్వ విభాజ్య కణజాలం పుట్టి బయటికి బెండు కణాలను ఇస్తుంది. వాటి గోడలు మైనంలాంటి సుబెరిన్‌తో నీరు చొరకుండా ఉంటాయి. గాయమైన చోటా ఇదే పుడుతుంది.

ఒక ఆలుగడ్డను రెండుగా కోయండి. ఒక సగాన్ని తడిగుడ్డ వేసిన డబ్బాలో, మూత కొంచెం తెరిచి, నీడలో ఉంచండి. రెండోదాన్ని ఎండలో పెట్టండి. వారం పది రోజులకు మొదటి దాని కోసిన ముఖం మీద కాగితంలాంటి గోధుమరంగు తొక్క వచ్చి ఉంటుంది, గోటితో అంచు పట్టి లేపొచ్చు. రెండోది ముడుచుకుని పగిలి ఉంటుంది. ఎండ పైకణాలను చంపేసింది, కొత్త పొర కట్టడానికి బతికిన కణాలు కావాలి.

జహీరాబాద్ వైపు విత్తనపు ఆలుగడ్డను కోసి నాటేవాళ్లకు ఈ పరీక్షే కొలమానం. ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్లుండాలి (ఆ కళ్లు నిద్రపోతున్న మొగ్గలే), బరువు 30–40 గ్రాములకు తగ్గకూడదు. కోసిన ముక్కలను లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంధ్రాలను చంపే మందు) కలిపిన నీటిలో ముంచి, నీడలో గాలి ఆడేలా ఒకే వరసలో పరవండి. గుట్టగా పోస్తే మధ్యలో వేడెక్కి కుళ్లుతాయి. కోసిన ముఖాన్ని వేలితో రుద్దితే తడి అంటకుండా, పలుచని తోలు తగిలినట్టు అనిపించినప్పుడు సాలులో వేయవచ్చు.